వాలెన్‌బోర్న్ ఊట, సామ్యేల్ అన్న ప్రార్థన

ముందే చెప్పేస్తున్నాను, ఈ కథనంలో ఏ అగ్నిపర్వతమూ పేలదు. జర్మనీ పడమటి వైపు ఐఫెల్ అనే కొండ ప్రాంతం నిండా అగ్నిపర్వతాలే. కాకపోతే వాటిలో పెద్దది పేలి పదమూడు వేల ఏళ్ళు దాటిందట. మేం కాస్త ఆలస్యంగా వెళ్ళాం. ఇప్పుడక్కడ పచ్చిక ఉంది, ఆవులున్నాయి, మలుపు మలుపుకీ కూర్చోవడానికి చెక్క బల్ల ఉంది. లావా కోసం వెళ్ళేవాళ్ళు నిరాశపడతారు. ఆవుల కోసం వెళ్ళేవాళ్ళకు ఏ లోటూ ఉండదు.

నేను ఈ రెండింటికీ వెళ్ళలేదు. రజిత నీళ్ళ సీసాలు మొయ్యడానికి మనిషి కావాలంటే వెళ్ళాను.

రజితది గోదావరిఖని, నాది మంగళగిరి. ఇద్దరం చదువుకోవడానికి వచ్చి పడింది సాక్సనీలోని ఫ్రైబర్గ్‌లో. ఒకప్పుడు వెండి తవ్విన ఊరు, ఇప్పుడు మన పిల్లల్ని దింపుకుంటున్న ఊరు. మేమొచ్చిన ఏడాది హాస్టల్ వంటగదిలో పోపు వాసన రాని పూట లేదు. నాది మెటీరియల్స్ చదువు. ఎక్కడైనా పనికొస్తుంది, ఎక్కడా అవసరం లేదు. ఆమెది భూగర్భశాస్త్రం. తనతోపాటు రాళ్ళు చదివిన మనవాళ్ళంతా ఒక్కొక్కరే సాఫ్ట్‌వేర్‌లోకి జారుకున్నారు. చదువు ముగిసి, ఉద్యోగం వెతుక్కునే వీసా మీద రజిత ఒక్కతే రాళ్ళతో మిగిలింది.

చివరికి ఆమె ఒక ఆలోచన చేసింది. జర్మనీలో ఇంతమంది తెలుగువాళ్ళున్నారు, శనివారాలు ఎక్కడికెళ్ళాలో తెలియక ఇండియన్ షాపుకెళ్తున్నారు. ఒక కుటుంబాన్ని ఒక రోజంతా వెంటబెట్టుకుని అగ్నిపర్వతాలు చూపిస్తూ తెలుగులో చెబితే? మొదటి బేరం మ్యూనిక్ పక్కనున్న ఉంటర్‌ఫ్యోరింగ్ నుంచి తగిలింది. సరిగ్గా అదే వారంలో లైప్‌జిగ్‌లోని ఒక ఆఫీసు వాళ్ళు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగానికి రమ్మన్నారు. సోమవారంకల్లా ఔనో కాదో చెప్పాలి.

రైల్లో పందెం

ఫ్రైబర్గ్ నుంచి ఐఫెల్ పక్కనున్న కోబ్లెంజ్‌కి వేగంగా పోయే రైళ్ళున్నాయి. నెలవారీ టికెట్‌తో ఎక్కనిచ్చేవి మాత్రం ప్రతి ఊరినీ పలకరిస్తూ పోతాయి. శుక్రవారం పొద్దున బయల్దేరి చీకటి పడ్డాక చేరాం. ఆ దారిలో జర్మనీని నేను చూసినంత వివరంగా జర్మన్లు కూడా చూసి ఉండరు.

దారంతా రజిత ఒడిలో ఒక అట్టపెట్టె. అందులో రాళ్ళు. ఏ మజిలీలో ఏ రాయి తియ్యాలో పెదాలు కదుపుతూ బట్టీ పడుతోంది. ఎక్కడో మూడో రైలు మారాక పెట్టె మూసి అంది:

"చందూ, నేనొకటి అనుకున్న. రేపు వాళ్ళల్ల ఒక్కరన్న, వాళ్ళంతట వాళ్ళు, ఈ నేల గురించి ఒక్క ప్రశ్న అడిగితె లైప్‌జిగోళ్ళకు నో చెప్త. ఎవ్వరు అడగకపోతె ఎస్ చెప్త. అయిపాయె."

"నేనడిగితే?"

"నువ్వు లెక్కల లేవు. రెండేండ్ల సంది ఒక్క కిచెన్ల వండుకుంటున్నం, నా రాళ్ళ గురించి ఎన్నడన్న ఒక్కటడిగినవా?"

అడిగాను. 'ఈ రాయి సింకులో ఎందుకుంది' అని అడిగాను. అది లెక్కలోకి రాదట.

నిబంధనలు కూడా పెట్టింది. ధర అడిగితే లెక్కకాదు, టాయిలెట్ అడిగితే కాదు, ప్రమాదమా అని అడిగితే కాదు. మేమిద్దరం ఎవరినీ ఎగదొయ్యకూడదు, సైగలు చెయ్యకూడదు. ఉద్యోగం విషయంలో ఇలా ఎవరైనా పందెం కాస్తారా అంటే నవ్వేసింది.

"అడిగెటోళ్ళే లేకుంటె చెప్పెటోళ్ళెందుకురా?"

నవ్వుతూనే అంది గానీ, నేను చేసిన ఎగ్ పఫ్ ఆమె వాటాది కూడా ఆ రోజు నేనే తిన్నాను. నా వంట అంత బాగుండదన్నది నిజమే. కారణం మాత్రం అది కాదు.

సరస్సు ఒడ్డున సోడా

శనివారం పొద్దున కోబ్లెంజ్ స్టేషన్ ముందు మేం తిప్పాల్సిన కుటుంబం దిగింది. ముందు రోజే మ్యూనిక్ వైపు నుంచి రైల్లో వచ్చి, ఇక్కడ ఏడు సీట్ల కారు అద్దెకు తీసుకున్నారు. నడిపేది సామ్యేల్ రాజు గారు. నరసాపురం మనిషి, ఉంటర్‌ఫ్యోరింగ్‌లో ఐటీ, బ్లూ కార్డు వీసా. జర్మన్ డ్రైవింగ్ పరీక్ష మూడోసారికి గట్టెక్కినందువల్ల మూడు రెట్లు జాగ్రత్తగా నడుపుతాడు. భార్య గ్రేస్ అక్క. నాలుగేళ్ళ కొడుకు జోయెల్. వెనక సీట్లో గ్రేస్ అక్క వాళ్ళమ్మ మేరీ రత్నం గారు, మూడు నెలల వీసా మీద వచ్చారు. ఊరంతా టీచరమ్మ అంటారట, మేమూ అలాగే అన్నాం. బళ్ళో టీచరు కాదు, ఆదివారం బళ్ళో టీచరు. ముప్ఫై ఏళ్ళకు పైగా చర్చిలో పిల్లలకు పాటలూ వాక్యాలూ నేర్పారు.

"మా అమ్మ దగ్గర ప్రార్థనలో కళ్ళు తెరవడానికి ఒక్కడికీ ధైర్యం ఉండేది కాదు," గ్రేస్ అక్క గర్వంగా చెప్పింది. "ఎవరు తెరిచినా పట్టేసేది. ఆమెన్ అవ్వగానే చెవి మెలికే."

"ఆవిడ కళ్ళు మూసుకునుంటే ఎవరు తెరిచారో ఎలా తెలిసేదక్కా?"

గ్రేస్ అక్క వాళ్ళమ్మ వైపు చూసింది. "ఆ ప్రశ్న మా ఊళ్ళో ఎవరూ అడగలేదు తమ్ముడూ."

టీచరమ్మ కిటికీలోంచి ఆవుల్ని చూస్తున్నారు.

మొదటి మజిలీ లాఖర్ సే. సే అంటే సరస్సు. చుట్టూ అడవి, అవతలి ఒడ్డున పాత మఠం గోపురాలు, మధ్యలో గుండ్రని నీళ్ళు. ఇంత అందంగా ఉన్న చోటు ఒకప్పుడు పేలి బూడిదని దేశాల అవతల పోసిందంటే నమ్మబుద్ధి కాదు. తూర్పు ఒడ్డున నీళ్ళలోంచి సన్నగా బుడగలు వస్తూనే ఉంటాయి. అక్కడ నిలబెట్టి రజిత మొదలుపెట్టింది. ఇది చచ్చిన కొండ కాదని, నిద్రపోయిందని, కింద కరిగిన రాతి నుంచి వచ్చే గాలి ఈ బుడగల్లో పైకొస్తోందని, సోడాలో ఉండేదీ అదే గాలి అని. బాగా చెప్పింది. నాకే కాసేపు ఆసక్తి కలిగింది.

"సిస్టర్," సామ్యేల్ అన్న చెయ్యెత్తాడు. రజిత ముఖం వెలిగింది. "మఠం దగ్గర పార్కింగ్‌కి కార్డు తీసుకుంటారా, చిల్లరే వెయ్యాలా?"

రెండో ప్రయత్నంగా పెట్టెలోంచి తెల్లటి రాయి తీసి నీళ్ళలో వేసింది. తేలింది. లావా నురగ గడ్డకట్టిన రాయి అది, లోపలంతా గాలి. రాయి నీళ్ళలో తేలడం చూసి ప్రపంచంలో ఎవరైనా ఎందుకు అని అడుగుతారు.

"అయ్యో, ఇది మా బాత్రూంలో ఉందండీ," అంది గ్రేస్ అక్క. "మడమలు రుద్దుకుంటే పగుళ్ళు పోతాయి. షాపులో రెండు యూరోలు. నీది ఎక్కడ కొన్నావ్ రజితా?"

ధర. లెక్కకాదు.

అంతలో టీచరమ్మ ఒడ్డుకి దగ్గరగా వంగి అడిగారు, "అమ్మాయ్, ఇందులో చేపలుంటాయా?"

రజిత నా వైపు ఆశగా చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. చేప నేల కాదు. పందెం పెట్టింది నేనా?

ఉంటాయని, ఇక్కడి హోటళ్ళలో వండుతారని చెప్పింది రజిత. ఉప్పు నీళ్ళ చేప ముందు మంచి నీళ్ళ చేప ఏ మూలకీ రాదన్నారు టీచరమ్మ. సముద్రం పక్క ఊరివాళ్ళకు సరస్సును చూపిస్తే ఇలాగే ఉంటుంది. అల లేదు, ఆటుపోటు లేదు, వలలారేసిన వాసన లేదు. "ఇంత నీరు పెట్టుకుని ఇంత మౌనమేంటమ్మా," అన్నారావిడ.

కుక్కను తిప్పుతున్న ఒకామె మా పక్కన ఆగి, ఆ బుడగల మీద పాతికేళ్ళుగా నడుస్తున్నానని, ఏమీ కాదని, భయపడొద్దని మాకు ధైర్యం చెప్పింది. భయపడాలని మాలో ఎవరికీ తోచలేదు. ఆమె చెప్పాక సామ్యేల్ అన్న రెండడుగులు వెనక్కి వేశాడు.

"వన్ జింట్ వియ దా?" అన్నాడు జోయెల్. ఎప్పుడు చేరతాం అని. ఆ రోజంతా ఆ పిల్లాడికున్న ప్రశ్న అదొక్కటే. చేరాక కూడా అడిగేవాడు.

మెండిగ్: నేలకింద ఫ్రిజ్

సరస్సు పక్కనే మెండిగ్ అనే ఊరు. ఆ పేలుడుకి చాలా ముందే ప్రవహించి గడ్డకట్టిన నల్లటి లావా ఊరి కింద మందంగా ఉంది. తిరగలి రాళ్ళ కోసం దాన్ని తవ్వుకుంటూ పోయారు. ఊరి కింద మరో ఊరంత ఖాళీ మిగిలింది. తలకు హెల్మెట్ పెట్టించి మెట్ల మీదుగా దించుతారు. పైన ఎండాకాలం, కింద మాఘమాసం. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో బీరు తయారీదార్లు పీపాలు తెచ్చి ఇక్కడే దాచుకునేవారని రజిత చెప్పింది.

"దేవుడిచ్చిన చల్లదనాన్ని తీసుకెళ్ళి బీరుకి వాడారా!" టీచరమ్మ బాధపడ్డారు. అది ప్రశ్నలాగే వినిపించింది గానీ కాదు.

గ్రేస్ అక్క చుట్టూ చూసి నిట్టూర్చింది. "ఏవండీ, ఇంత స్థలం మ్యూనిక్‌లో అయితే మీటె ఎంతుంటుందంటారు?"

మీటె అంటే ఇంటద్దె. మ్యూనిక్ దగ్గర బతికేవాళ్ళు ఏ ఖాళీ చూసినా ముందు అద్దె లెక్కకడతారు, తప్పు పట్టకూడదు.  సామ్యేల్ అన్న ఫోను పైకెత్తి సిగ్నల్ కోసం ఆ రాతి స్తంభాల మధ్య ప్రదక్షిణలు చేస్తున్నాడు. శనివారం ఆఫీసు వాళ్ళెవరూ ఫోను చెయ్యరు. చెయ్యలేరన్న సంగతే ఆయన్ని కంగారు పెట్టింది.

పైకొచ్చాక ఊళ్ళో బేకరీలో యాపిల్ కేకు తిన్నాం. ముక్క మూడున్నర యూరోలు. టీచరమ్మ పెదాలు కదపడం చూసి గ్రేస్ అక్క, "అమ్మా, రూపాయల్లోకి మార్చకు, మింగుడుపడదు" అంది. అప్పటికే మార్చేసినట్టున్నారు, కేకు చాలా నెమ్మదిగా తిన్నారు. కౌంటరు వెనక ఉన్న ముసలామె టీచరమ్మ చీరనే చూస్తూ, వేలితో బట్ట నేత తాకి చూడొచ్చా అని సైగ చేసింది. ఈవిడ కొంగు అందించారు. ఇద్దరూ భాష లేకుండా నేత గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. జర్మనీలో టెర్మిన్, అంటే ముందస్తు అపాయింట్‌మెంట్, లేకుండా జరిగిన సమావేశం నేను చూసింది అదొక్కటే.

రజిత బయట బల్ల మీద కూర్చుని రాళ్ళ పెట్టె సర్దుతోంది. నేను పక్కన కూర్చున్నాను.

"చీర గురించి అడిగిందిరా ఆ అవ్వ," అంది. "చీరకున్న విలువ లేదు నా బసాల్ట్ రాయికి."

"బసాల్ట్‌కి అంచు లేదు కదా."

నవ్వలేదు.

డౌన్: చచ్చినవాళ్ళ సరస్సు

డౌన్ అనే ఊరి దగ్గర కొండల మీద గుండ్రటి గుంటల్లో నీళ్ళు నిలిచి ఉంటాయి, వాటిని మార్ అంటారు. మేం వెళ్ళినదాని పేరుకి అర్థం చచ్చినవాళ్ళ సరస్సు. పేరు విని గ్రేస్ అక్క కారు దిగనంది, సామ్యేల్ అన్న రెండు బైబిలు వాక్యాలు చెప్పి దింపాడు. దిగి చూస్తే భయపడడానికి ఏమీ లేదు. నీలం నీళ్ళు, చుట్టూ ఎత్తైన గడ్డి, ఒడ్డున తెల్లటి చిన్న చర్చి, దాని చుట్టూ సమాధులు. ఒకప్పుడక్కడ ఊరుండేదట. తెగులొచ్చి ఊరు పోయింది, చర్చి మిగిలింది.

రజిత ఇక్కడ చెప్పడానికి రాత్రంతా బట్టీ పట్టిన ప్రసంగం నాకు తెలుసు. పైకొచ్చే లావా కింద నీటిని తాకితే ఏమవుతుందో ఆమె చేతులతో చేసి చూపిస్తుంది. రైల్లో మా ఎదుటి సీటాయన ఆ చేతులకి భయపడి వేరే సీటుకి వెళ్ళిపోయాడు.

ఆమె చెప్పింది ఇంతే: "ఇది మార్. పేలింది, గుంత పడ్డది, నీళ్ళొచ్చినయి. ఫోటోలు దిగండి."

వాళ్ళు దిగారు. నేనే తీశాను. టీచరమ్మ చర్చిలోకి వెళ్ళి చిన్నగా ఒక పాట పాడుకున్నారు. బయటికొచ్చి, సమాధుల మీద పూలమొక్కలకు రోజూ నీళ్ళెవరు పోస్తారని అడిగారు. ఎవరి వాళ్ళు వాళ్ళే పోస్తారమ్మా అంది రజిత. మా ఊళ్ళో సమాధుల పండక్కి ఒక్క రోజు సున్నం వేసి కొవ్వొత్తులు పెడతామని, మిగతా ఏడాదంతా మేకలు చూసుకుంటాయని ఆవిడన్నారు.

కారెక్కే ముందు రజిత ఫోను తీసి లైప్‌జిగ్ మెయిలు తెరవడం చూశాను. జవాబు రాయలేదు. రాసే పెట్టెలో వేలు పెట్టి ఊరుకుంది.

"ఇంకొక్కటి ఉంది కదా," అన్నాను.

"ఉంది," అంది. "కోడిగుడ్డు వాసనొస్తది దానికి. 'ఏంటండీ ఈ కంపు' అంటరు. గది లెక్కన?"

వాలెన్‌బోర్న్: ఆమెన్ ఇంకా రాలేదు

వాలెన్‌బోర్న్ చిన్న పల్లె. ఇళ్ళ మధ్య రాళ్ళు పేర్చిన గుండ్రటి తొట్టి, చుట్టూ కంచె, చిన్న టికెట్టు. తొట్టిలో మామూలుగా బురద నీళ్ళుంటాయి. అరగంటకోసారి ఆ నీళ్ళు గురగురమని పొంగి, మనిషికి రెండింతల ఎత్తుకి చిమ్మి, కొన్ని నిమిషాలు ఆడి, మళ్ళీ చల్లగా దిగిపోతాయి. వేడి ఉండదు, పొగ ఉండదు. ఊరివాళ్ళు దానికి బుడబుడలాడేది అని అర్థం వచ్చే ముద్దు పేరు పెట్టుకున్నారు. కూరగిన్నెకి పెట్టాల్సిన పేరు అగ్నిపర్వతానికి పెట్టారంటే ఇక్కడి జనం నాకు నచ్చకుండా ఎలా ఉంటారు?

మేం చేరేసరికి తొట్టి నిద్రపోతోంది. ఇంకో పావుగంట పడుతుందని రజిత అంది. ఈలోగా తినేద్దామని గ్రేస్ అక్క కంచె పక్కనున్న బల్ల మీద డబ్బాలు విప్పింది. పులిహోర, గుడ్ల కూర, టీచరమ్మ నరసాపురం నుంచి మోసుకొచ్చిన ఎండు రొయ్యల పొడి. గంధకం వాసనకీ గుడ్ల కూర వాసనకీ తేడా తెలియని చోట కూర్చుని గుడ్ల కూర తినడం అందరికీ దొరికే అదృష్టం కాదు. చేతికర్రలతో నడుస్తూ వచ్చిన ఒక జర్మన్ పెద్దాయన మాకు కాస్త దూరంలో నిలబడి ఊట కోసం ఎదురుచూస్తున్నాడు.

"ప్రార్థన చేసుకుందాం," అన్నాడు సామ్యేల్ అన్న.

అందరూ లేచారు. టీచరమ్మ కొంగు తలమీదుగా ముఖం దాకా లాక్కున్నారు. జోయెల్ అమ్మమ్మ నేర్పినట్టు రెండు అరచేతులతో కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రజిత చేతులు కట్టుకుని తల వంచింది. జర్మన్ పెద్దాయన మమ్మల్ని చూసి, టోపీ తీసి, మర్యాదగా తానూ తల వంచాడు. కళ్ళు తెరిచి ఉన్నది నేనొక్కణ్ణే అనుకున్నాను. గుడ్లు ఎన్నున్నాయో చూస్తున్నాను.

సామ్యేల్ అన్న ప్రార్థన తిండితో మొదలైంది. వండిన చేతుల మీదికి వెళ్ళింది. అక్కడినుంచి రైతులు, వాన, రెండు తెలుగు రాష్ట్రాలు. ఆ తర్వాత జర్మనీలోకి దిగింది. వీసా పొడిగింపుకి టెర్మిన్ దొరకనివాళ్ళకు దొరకాలి. ఇల్లు దొరక్క అన్‌మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు, ఆగిపోయినవాళ్ళకు ఇల్లు దొరకాలి. కిటా అనే పసిపిల్లల బడిలో సీటు కోసం చూస్తున్న పసిబిడ్డల్ని చల్లగా చూడాలి. ఆయన ఎవరినీ వదిలిపెట్టే మనిషి కాదు.

వెనక తొట్టిలో గుర్రుమంది.

నేను తల తిప్పాను. బురద నీళ్ళు తెల్లబడుతున్నాయి. రజిత కూడా కళ్ళు తెరిచింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. నీళ్ళు ఒక్కసారి పైకి లేచాయి. తెల్లగా, నురగగా, పొడుగ్గా, ఎవరో కింద నుంచి విసురుతున్నట్టు. జల్లు మా బల్ల దాకా వచ్చింది. ఒక్క మనిషి కళ్ళు తెరవలేదు. నిజమైన క్రైస్తవులు. ఆ పెద్దాయన కూడా తెరవలేదు. ఊట కోసం ఎంత దూరం నడిచి వచ్చాడో, పాపం.

"...అలాగే ప్రభువా, మన రజిత సిస్టర్," గొంతు పెంచాడు సామ్యేల్ అన్న, వెనక హోరు ఎక్కువైంది కదా. "ఈ బిడ్డకు మంచి ఉద్యోగం దయచెయ్యి. మార్గం చూపించు. ఒక సూచన చూపించు..."

ఆయన వీపు వెనక, సరిగ్గా ఆయన తల మీదుగా, సూచన రెండు నిలువుల ఎత్తున ఎగురుతోంది.

రజిత నోరు తెరిచింది. మూసింది. తన కోసం జరుగుతున్న ప్రార్థనని మధ్యలో ఆపి 'అటు చూడండి' అని ఎలా అంటారు? పైగా ఎగదొయ్యకూడదన్న నిబంధన తనదే. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జల్లు పడిందంది తర్వాత. నేను జల్లేనని ఒప్పుకున్నాను.

ఊట తగ్గింది. కుంగింది. నీళ్ళు రాళ్ళ మధ్యకి దిగిపోయాయి.

"ఆమెన్," అన్నాడు సామ్యేల్ అన్న.

"ఆమెన్," అన్నాం అందరం. జర్మన్ పెద్దాయన కూడా. ఆయన టోపీ పెట్టుకుని, తొట్టి చూసి, గడియారం చూసుకుని, మా వైపు చూసి గట్టిగా నవ్వేశాడు. బాగుంది కదా అన్నట్టు బొటనవేలు ఎత్తి, అరగంట వేచి చూడ్డానికి పక్క బల్ల మీద చతికిలబడ్డాడు.

మేం ఉండలేకపోయాం. వాళ్ళ రైలు టికెట్లు ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి, తప్పిపోతే మళ్ళీ కొనాలి. "పర్లేదు సిస్టర్, చప్పుడు విన్నాం కదా, చాలు," అని సామ్యేల్ అన్న ఆమెను ఓదార్చాడు. పొడి చల్లుకుని పులిహోర తిన్నాం. చాలా బాగుంది. రజితకు మాత్రం రుచించలేదు.

కోబ్లెంజ్ దారిలో

వెనక్కి వచ్చేటప్పుడు జోయెల్ నిద్రపోయాడు. చివరి వరుసలో నా పక్కన కూర్చున్న రజిత ఫోను తీసి జర్మన్‌లో రెండు వాక్యాలు రాసింది. మీ అవకాశానికి ధన్యవాదాలు, సంతోషంగా చేరతాను. పంపే గుర్తు మీదికి వేలు వెళ్ళింది.

"అమ్మాయ్," మా ముందు వరుసలోంచి టీచరమ్మ తిరగకుండానే పిలిచారు. "అది ఎందుకాగిందీ?"

"ఏది అమ్మా?"

"ఆ నీళ్ళు. అంత ఎత్తు ఎగిరినవి. ఎగరడం సరే, లోపల గాలుందని పొద్దున చెప్పావు, సోడాలాగా. మరి ఎందుకాగిందీ? అంత బలముంటే ఆగకూడదు కదా? మా అల్లుడు ఆమెన్ అనకముందే ఆగింది. కాబట్టి అందుక్కాదు."



"అమ్మా," గ్రేస్ అక్క నెమ్మదిగా వెనక్కి తిరిగింది. "ఎంత ఎత్తు ఎగిరిందో నీకెలా తెలుసు?"

టీచరమ్మ కొంగు సర్దుకున్నారు.

"అత్తయ్య గారూ!" అన్నాడు సామ్యేల్ అన్న అద్దంలోంచి. మూడు రెట్ల జాగ్రత్త మనిషి, కారు సగం పక్క వరుసలోకి వెళ్ళి వెనక్కొచ్చింది.

ఆ కేకకు జోయెల్ లేచాడు. విషయం అర్థమవడానికి వాడికి ఒక్క క్షణం పట్టింది. "ఓమా హాట్ గెగుక్ట్!" అని అరిచాడు. అమ్మమ్మ చూసింది! వాడి జీవితంలో అంత పెద్ద నేరం ఇంకా జరగలేదు. "ఓమా హాట్ గెగుక్ట్!"

"చూశాను రా నాయనా," అన్నారు టీచరమ్మ. గొంతు చిన్నదైంది. "ముప్ఫై ఏళ్ళపాటు పిల్లల్ని పట్టుకోవడానికి తెరిచాను. నా కోసం తెరిచింది ఇదే మొదటిసారి. ఏం చెయ్యమంటారూ, చప్పుడు మా సముద్రంలా వచ్చింది. ఇన్నాళ్ళకి ఈ దేశంలో నీళ్ళు నోరు తెరిచాయి కదా అని చూశాను." కొంచెం కోపంగా, "ఎలాగూ అందరికీ తెలిసిపోయిందిగా, చెప్పమ్మా మరి. ఎందుకాగిందీ?"

రజిత నా చెయ్యి గట్టిగా గిల్లింది. "పందెం సంగతి నువ్వు చెప్పినవా?" గుసగుసగా అడిగింది. "నిజం చెప్పు. చెప్పినవా?"

నేను చెప్పలేదు. నేను చెప్పినా ఆవిడ నా కోసం కూతురి ముందు, అల్లుడి ముందు, మనవడి ముందు ఈ అవమానానికి ఒప్పుకోరు. ఆ మాటే అన్నాను. రజిత ఒక నిమిషం నా ముఖం చూసింది. తర్వాత ఫోను సీటు మీద పడేసి, సీటుబెల్టు అనుమతించినంత మేరా ముందుకు వంగింది.

"అమ్మా, గోలీ సోడా ఎన్నడన్న కొట్టిన్రా మీరు?"

"కొట్టకపోవడమేంటమ్మా."

"ఊపి కొడితె ఏమైతది?"

"పొంగిపోద్ది. సగం కింద పోద్ది."

"గంతే. కింద రాళ్ళ సందులల్ల నీళ్ళున్నయి. కిందికెళ్ళి గాలి వచ్చుడు, నీళ్ళల్ల కలుసుడు. మీద నీళ్ళ బరువు దాన్ని తొక్కిపెట్టి ఉంచుతది. ఇగ ఆపలేనంతైనంక ఒక్కసారి లేస్తది. లేసినంక మీద బరువు తగ్గుతది, ఇంకింత గాలి బయటికి దునుకుతది. అది ఖాళీ అయిందంటె నీళ్ళు మల్ల కిందికి దిగుతయి. సీసా ఖాళీ అయినట్టు."

"అయితే మళ్ళీ ఎవరు నింపుతారూ?"

"కింద కరిగిన రాయి ఉంది కదమ్మా. అది ఊపిరి ఇడుస్తనే ఉంటది."

"ఓహో. అంటే అది ఆగిపోవడం కాదన్నమాట. పోగేసుకోవడం."

ఇది ఎటు పోతోందో నాకు అర్థమైంది, మరో రెండు మాటలైతే ఆదివారం ప్రసంగమయ్యేది. అదృష్టవశాత్తూ జోయెల్ ఎప్పుడు చేరతాం అని అడిగాడు. రజిత పెట్టెలోంచి తేలే రాయి తీసి వాడి చేతిలో పెట్టింది, మళ్ళీ టీచరమ్మ వైపు తిరిగింది. ఆ కారులో అప్పటి నుంచి కోబ్లెంజ్ దాకా ఆమె చేతులు గాలిలోనే ఉన్నాయి. లావా నీటిని తాకితే ఏమవుతుందో ఆ చేతులు చేసి చూపిస్తుంటే సామ్యేల్ అన్న వెళ్ళాల్సిన మలుపు దాటి వెళ్ళిపోయాడు.

కోబ్లెంజ్ ప్లాట్‌ఫాం

రైలు తప్పిపోతుందని పరుగెత్తాం. గ్రేస్ అక్క డబ్బాలు, నేను నీళ్ళ సీసాలు, టీచరమ్మ చెప్పులు చేతబట్టుకుని. ఆయాసంతో పైకెక్కి బోర్డు చూస్తే రైలు నలభై నిమిషాలు ఆలస్యం. ఈ దేశంలో ఎంత కంగారుపడ్డా చివరికి దక్కేది ఆ బోర్డే.

ఆ నలభై నిమిషాలూ టీచరమ్మ అడుగుతూనే ఉన్నారు. పొద్దున్న సరస్సులో బుడగలొచ్చే చోట చేపలు బతుకుతాయా అని అడిగారు. నేను రజిత వైపు చూశాను. ఈసారి చేప లెక్కలోకి వస్తుందేమోనని. ఆమె నన్ను పట్టించుకోలేదు. మా గోదావరి కింద కూడా ఇలా ఏమైనా ఉందా అని అడిగారు. బొగ్గు గనుల్లో పనిచేసిన రజిత వాళ్ళ నాన్న ఏమంటారని అడిగారు. వాళ్ళ నాన్న ఏమంటాడో రజిత చెప్పింది: "ఏ పనన్న చెయ్యి బిడ్డా, కింది నుంచి మాత్రం మీదికి రా."

మధ్యలో ఎప్పుడో ఆమె ఫోను తీయడం చూశాను. ఆ రెండు వాక్యాలు చెరిపేసి వేరే రెండు రాసింది. నాకు చూపించి మరీ పంపింది. సోమవారం దాకా కూడా ఆగలేదు. అయ్యో, మంచి జీతం, అన్నాను. నేను ఆ మాట అనకపోతే ఎవరంటారు?

రైలు వచ్చేముందు సామ్యేల్ అన్న గొంతు సవరించుకున్నాడు. "వెళ్ళేముందు కృతజ్ఞతగా ఒక్క మాట ప్రార్థన చేసుకుందాం."

అందరం తలలు వంచాం. ఆయన ప్రయాణానికి కృతజ్ఞత చెప్పాడు, కారుకి చెప్పాడు, కొండలకి చెప్పాడు. రజిత సిస్టర్‌కి ఉద్యోగం ఇవ్వమని మళ్ళీ అడిగాడు.

"ఇప్పుడే ఒకటి పోగొట్టుకున్న," నా చెవిలో అంది రజిత.

ప్రార్థన రాష్ట్రాలు దాటి, రైతుల్ని దాటి, అప్పుడప్పుడే జర్మనీ సరిహద్దు దగ్గరికి వచ్చింది. నేను కళ్ళు తెరిచి చూశాను. కొంగు కింద టీచరమ్మ కళ్ళు కూడా తెరిచే ఉన్నాయి. పట్టాల వైపు చూస్తున్నాయి. దూరంగా రైలు దీపాలు కనిపించాయి. సామ్యేల్ అన్న టెర్మిన్ దొరకనివాళ్ళ దగ్గరికి వస్తున్నాడు, ఆ తర్వాత ఇల్లు దొరకనివాళ్ళున్నారు, ఆ తర్వాత కిటా.

"ఆమెన్," అనేశారు టీచరమ్మ, గట్టిగా. "రైలొచ్చింది, ఎక్కండి."